నీలం చక్కెర గిన్నె, కరుణమ్మ సిస్టర్

మొన్న శుక్రవారం పొద్దున మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో ఒక చాయ్ దుకాణం బయట కూర్చుని సులైమానీ తాగుతున్నాను. పాలు పోయని చాయ్ అది. కొండ మీదుగా ఏటవాలుగా దిగిన ఎండ నా గ్లాసులోంచి దూరి తెల్లటి ప్లాస్టిక్ బల్ల మీద పడింది. అక్కడ నీడ ఉండాలి కదా, నీడకు బదులు తేనెరంగు వెలుగు ముద్ద ఒకటి వణుకుతోంది. దాని నడుమ సన్నని గీత, కళ్లు చికిలించుకునేంత తెల్లగా ఉంది. “అగో!” అని అరిచేశాను. పక్కనున్న నా రూమ్మేట్ మల్లేశం ఉలిక్కిపడి తన చాయ్ లుంగీ మీద ఒలకబోసుకున్నాడు. “ఏమైందే? పామా?” అన్నాడు. నేను వేలితో ఆ వెలుగు చూపించాను. వాడు గ్లాసును చూశాడు, నన్ను చూశాడు. “గిందుకా!” అని ఇంకో చాయ్ చెప్పడానికి లేచి వెళ్లాడు. వాడినేమీ అనడానికి లేదు. కరుణమ్మ సిస్టర్ నాకు తారసపడకపోతే, ముప్పై అయిదేళ్లదాకా తాగినట్టే నేనూ ఆ చాయ్ తాగేసి గ్లాసు పక్కన పెట్టేవాణ్ణి.

నాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. రుసైల్‌లో ఒక కార్గో కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తాను. సోఫాలు, ఫ్రిజ్‌లు, దేశం విడిచి వెళ్లేవాళ్ల సామాన్లు మా చేతుల మీదుగా ఓడ ఎక్కుతాయి. వస్తువు అంటే నాకు పొడవు, వెడల్పు, ఎత్తు, బరువు. పగిలేదా, పగలనిదా. అంతకుమించి ఏ వస్తువు మొహమూ చూడలేదు. ఒకరోజు మా ముదీర్, అంటే మేనేజరు, పిలిచి ఖురమ్‌లో ఒక అమెరికా పెద్దాయన ఇంట్లో పాత గాజు సామాను ఉందనీ, ఒక్కొక్కదానికీ కొలతలు తీసి విడివిడిగా పెట్టెలు చెయ్యాలనీ, అది అయ్యేదాకా నా డ్యూటీ అక్కడేననీ చెప్పాడు. టేపు, కాలిపర్, కొలతల పుస్తకం పట్టుకుని వెళ్లాను. తలుపు తీసింది అమెరికావాళ్లు కాదు. తెల్ల చుడీదారు మీద నీలం ఏప్రాన్ కట్టుకున్న అరవై ఏళ్ల మనిషి. నా చొక్కా మీద పేరు చదివి, “రాజేశమా? తెలుగువాడివేనా? చెప్పులు అక్కడ విడు బాబూ, చేతులు కడుక్కునిరా, సబ్బుతో,” అంది. గోదావరి మాట. అలా మొదటిసారి చూశాను కరుణమ్మ సిస్టర్‌ని.

ఆవిడది పాలకొల్లు వైపు ఊరు. మస్కట్‌లో ఒక ఆసుపత్రిలో ఇరవై ఎనిమిదేళ్లు నర్సుగా చేసి, ఉద్యోగం అయిపోయాక ఆ పెద్దాయనను చూసుకోవడానికి ఆ ఇంట్లో కుదిరింది. పెద్దసారు అనేది ఆయన్ని, నేనూ అలాగే అన్నాను. ఆయన నీటి బావులు తవ్వించే ఇంజనీరుగా వయసులో ఉండగా ఒమాన్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆయన పూర్వీకులు గాజు బట్టీల్లో పనిచేసినవాళ్లట. యంత్రాలు రాకముందు, రెండు వందల ఏళ్ల కిందట, ఇనుప గొట్టం చివర కరిగిన గాజు ముద్దను తీసుకుని నోటితో ఊది చేసిన సీసాలు, కూజాలు, ఉప్పు గిన్నెలు, దీపపు స్తంభాలు నలభై మూడు ఆయన వాటాకు వచ్చాయి. ఇప్పుడు అమెరికా తిరిగి వెళ్లిపోతూ వాటిని తన సొంత ఊళ్లోని చిన్న మ్యూజియానికి ఇచ్చేస్తున్నాడు. ఇచ్చేముందు ఒక్కొక్కదానికీ నీటిరంగుల బొమ్మ వేయించి పుస్తకంగా కుట్టించాలని ఆయన కోరిక. ఫొటోలు తీయించాడట ముందు. ప్రతి ఫొటోలోనూ గాజు కన్నా కిటికీ, కెమెరా పట్టుకున్న మనిషే బాగా కనిపించారట.

ఆ బొమ్మలు వేస్తున్నది సిస్టరే. మరి నర్సుకూ బొమ్మలకూ సంబంధమేమిటని అడిగాను. సిస్టర్ నవ్వింది. పెద్దసారు కాలికి షుగర్ పుండు. ఫోనులో ఫొటో తీస్తే అంతా ఒకే ఎరుపు. మానుతున్న చోటు, చీము పట్టిన చోటు డాక్టరుకు తేడా తెలియాలని ఆవిడ రోజూ రిపోర్టులో ఆ పుండును రంగు పెన్సిళ్లతో గీసేదట. ఒకరోజు ఆయన భూతద్దం పెట్టి ఆ కాగితాలు చూసి, “నా కాలిని ఇంత గౌరవంగా ఎవరూ చూడలేదు. నా గాజును కూడా ఇలా చూడు,” అన్నాడట. “నర్సింగులో చేరిన రోజుల్లో గుండె, ఊపిరితిత్తులు, పేగులు, క్లాసులో అందరి రికార్డులూ నేనే గీసేదాన్ని బాబూ. ఊపిరితిత్తి గీసిన చేతికి సీసా ఎంత!” అంది. ఆవిడ రంగులు కలిపేది ఆసుపత్రి కిడ్నీ ట్రేలో. నీళ్లు చుక్క చుక్క లెక్కగా వేసేది సూది తీసేసిన సిరంజితో. ఒమాన్ గాలికి రంగు గభాలున ఆరిపోతుందని తడి తువ్వాలు కిటికీకి వేలాడదీసేది.

మొదటి రోజే పాఠం మొదలయింది, నేను అడక్కుండానే. ఒక బల్లపరుపు సీసాకు కొలత తీసి పుస్తకంలో రాస్తుంటే, “రంగు రాయవా?” అంది.

“పచ్చది సిస్టరమ్మా.”

“పచ్చంటే?”

“పచ్చంటే పచ్చనే. బంతిపువ్వు తీరు.”

ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుని నన్ను చూసింది. “బంతిపువ్వేంటయ్యా? పచ్చంటే ఆకు కదా!” మా వైపు పచ్చ అంటే పసుపు. ఆవిడ వైపు పచ్చ అంటే ఆకుపచ్చ. ఇద్దరం కాసేపు వాదించుకున్నాం. ఆఖరికి ఆవిడ సీసాను కిటికీ దగ్గరకు పట్టుకెళ్లి ఎండలో తిప్పింది. అంచున తేనె, నడుమన ఆవనూనె, అడుగున గాజు దళసరిగా ఉన్న చోట వేపాకు ముదురు. తిప్పుతుంటే ఒకటి మరొకదాంట్లోకి జారిపోతోంది. “చూశావా! మీ పచ్చా ఉంది, మా పచ్చా ఉంది. పేరు పెట్టేసి పక్కకు పోయామా, ఇద్దరం సగం సగమే చూసినట్టు,” అని పడీ పడీ నవ్వింది. ఆ పూట ఆ ఒక్క సీసాలో పదకొండు రంగులు లెక్కపెట్టాను. రుసైల్ బస్సులో వెళ్తూ కిటికీ అద్దాన్ని, ముందు సీటు మనిషి నీళ్ల సీసాను, సిగ్నలు దీపాన్ని పిచ్చివాడిలా చూస్తూ కూర్చున్నాను. ఒక్క పూటలో ఎవరో నా కళ్లు కడిగి మళ్లీ పెట్టినట్టుంది.

తర్వాత నుంచి నా కొలతల పని తొందరగా ముగించి ఆవిడ పక్కన స్టూలు వేసుకునేవాణ్ణి. ఆవిడ ముందు పెన్సిలుతో నీడలా గీసి, తర్వాత రంగు వెయ్యని చోట్లు గుర్తు పెట్టుకునేది. “కాగితమే వెలుగు రాజేశం. తెల్ల రంగు మన డబ్బాలో లేదు, ఉన్నా వాడను. వెలుగున్న చోటికి కుంచె పోకుండా చూసుకోవడమే పని,” అనేది. ఒకసారి కూజా ఒకటి బోర్లించి అడుగు చూపించింది. గరుకుగా, విరిగినట్టున్న చిన్న మచ్చ ఉంది. చెడిపోయిందేమో, మ్యూజియంవాళ్లు నన్నంటారేమోనని భయపడ్డాను. “అది దాని బొడ్డు,” అంది. ఊదిన గాజును అడుగున ఇంకో కడ్డీకి అతికించి మూతి దిద్దుతారట. పనయ్యాక ఆ కడ్డీని విరిచేస్తే మిగిలే గుర్తు అది. “లేబర్ రూములో ఎన్ని బొడ్లు కోశానో లెక్కలేదు. చేత్తో పుట్టినవాటికి ఈ గుర్తు ఉంటుంది. దీన్ని వదిలేసి అందంగా గీస్తే అది ఈ కూజా కాదు, దీని చుట్టం.” బుడగలుంటే బుడగలు, ఒక పక్కకు ఒరిగితే ఆ ఒరగడం, పనివాడి పనిముట్టు తగిలిన గీత, అన్నీ ఆవిడ బొమ్మలో ఉండేవి. పెద్దసారు సాయంత్రం వచ్చి కాగితాన్ని ముక్కుకు ఆనేంత దగ్గరగా పట్టుకుని చూసేవాడు. ఆయన చూపు తగ్గిపోతోంది. ఎడమ కన్ను అప్పటికే పోయినట్టే. పుస్తకం పూర్తిగా తన కళ్లతో చూసి వెళ్లాలన్నది ఆయన తొందర.

ముప్పై ఎనిమిది బొమ్మలయ్యాయి. అయిదు మిగిలాయి. పెద్దసారు ప్రయాణానికి ఇంకా పన్నెండు రోజులుంది. ఆ శుక్రవారం చర్చి మెట్లు దిగుతూ సిస్టర్ పడిపోయింది. శనివారం నేను వెళ్లేసరికి కుడి మణికట్టుకు పిండికట్టుతో సోఫాలో కూర్చుని ఉంది. పెద్దసారు పక్కనే ఉన్నాడు. పోనీ, ముప్పై ఎనిమిదితోనే కుట్టించేద్దాం అన్నాడట ఆయన. ఆవిడ ఒప్పుకోలేదు. నన్ను చూడగానే ఎడమ చేత్తో కుంచె అందించి, “కూర్చో,” అంది.

“నేనా? మేకులు కొట్టే చెయ్యి సిస్టరమ్మా ఇది! నాతోని గాదు.”

“మేకు వంకర పోకుండా కొడతావా లేదా?”

“కొడ్త.”

“అయితే చెయ్యి బానే ఉంది. కళ్లు నేను చూసుకుంటాను. కూర్చో.”

మొదటి చిన్న సీసాకు పద్నాలుగు కాగితాలు తగలేశాను. ఒకటి బురద, ఒకటి బెండకాయ, ఒకదాన్ని చూసి ఆవిడే “ఇదేం పురుగయ్యా?” అంది. పదిహేనోది కుదిరింది. రంగు కాగితం మీద తడిలో తనంతట తానే పాకి, అంచు దగ్గర ఆగి, కొంచెం చిక్కబడింది. వదిలేసిన తెలుపు ఒక్కసారిగా మెరిసింది. బల్ల మీద సీసా, కాగితం మీద సీసా! లేచి గది అంతా ఒక చుట్టు తిరిగి వచ్చాను. సిస్టర్ కట్టు కట్టిన చేత్తోనే చప్పట్లు కొట్టబోయి, “అబ్బా!” అని మళ్లీ నవ్వింది. అలా నాలుగు రోజుల్లో నాలుగయ్యాయి. ఆ రాత్రుళ్లు రూమ్‌లో నిద్ర పట్టేది కాదు, తెల్లారితే ఏ రంగు కలుపుతానా అని.

ఆఖర్న మిగిలింది అన్నిటికంటే ముఖ్యమైనది, నీలం చక్కెర గిన్నె. ఎత్తు పీట మీద నిలబడినట్టుండే గిన్నె, దాని మీద గుమ్మటంలాంటి మూత. పెద్దసారు నాన్నమ్మ బల్ల మీద ఉండేదట. మూత కొంచెం కదులుతూ ఉంటుంది. చేత్తో చేసింది కదా, ఆ మాత్రం వదులు ఉంటుందని అందరూ అనుకునేవారు. నేను గిన్నెకు నీలం కలిపి వేశాను. అదే నీలంతో మూత మొదలుపెట్టాను. ఒప్పడం లేదు. కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూశాను. గిన్నె నీలం నిఖార్సయిన నీలం. మూత దళసరిగా ఉన్న చోట నేరేడుపండు ఛాయ తొంగిచూస్తోంది. గిన్నెలో బుడగలు గుండ్రం. మూతలోవి సాగదీసినట్టు పొడుగు. కుంచె కడిగి వేరే రంగు కలిపి, మూతను నాకు కనిపించినట్టు వేశాను.

సిస్టర్ చూసి మొహం చిట్లించింది. “ఊదా ఎందుకు కలిపావ్? పాడుచేశావ్. మళ్లీ వెయ్యి.”

“రెండొకటి గావు సిస్టరమ్మా.”

“ఏంటి కావు?”

“గిన్నె వేరు, మూత వేరు. ఇది దీని మూత గాదు.”

ఆవిడకు అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. “ఏడు నెలల్నుంచి రోజూ తుడిచి పెడుతున్నాను దాన్ని. నాకు తెలీదా? మొన్న కుంచె పట్టినవాడివి నువ్వు చెబుతున్నావా? ఆ ముసలాయనకి ఇది ప్రాణం. వెళ్లే ముందు ఈ మాట ఆయన చెవిన పడితే?” కుంచె కడిగి పెట్టి రుసైల్ బస్సెక్కాను. తప్పు నాదేనేమో అనుకోవాలని ఎంత ప్రయత్నించినా ఆ నేరేడు ఛాయ కళ్ల ముందు నుంచి పోలేదు.

మర్నాడు ఉదయం వెళ్లేసరికి ఆవిడ కిటికీ దగ్గరే ఉంది. గిన్నె ఒక పక్క, మూత ఒక పక్క. తెల్లారినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టుంది, టిఫిను కూడా ముట్టలేదు. నన్ను చూసి లేచి నిలబడింది. “నువ్వు చెప్పింది నిజం బాబూ. తెలుసు కదా అనుకుని నేను చూడ్డం మానేశాను.” అరవై ఏళ్ల మనిషి, నా గురువు, ఎదురుగా నిలబడి ఆ మాట అంటుంటే నాకు తల దించుకోవాలనిపించింది. ఆవిడ మాత్రం తల ఎత్తుకునే ఉంది. “పద, చెబుదాం. పుండు మానకుండా మానిందని నేనెప్పుడూ రిపోర్టు రాయలేదు. ఇప్పుడూ రాయను.”

పెద్దసారు మూతను చాలాసేపు చేతుల్లో తిప్పాడు. భూతద్దం పెట్టాడు, తీశాడు. అప్పుడే నాకు ఒక ఆలోచన మెరిసింది. ఇది దీని మూత కాకపోతే దేని మూత? సంచిలోంచి కొలతల పుస్తకం లాగాను. నలభై మూడింటికీ నోటి వెడల్పులు మిల్లీమీటర్లలో నేను రాసినవే. మూత లోపలి అంచు కొలిచి, వేలు పెట్టి ఒక్కొక్క పేజీ దిగాను. పంతొమ్మిదో నంబరు దగ్గర వేలు ఆగింది. పొట్టి గిన్నె. మూత లేదు కాబట్టి పూలగిన్నె అనుకుని రాసుకున్నాం. రంగు గడిలో సిస్టర్ నేర్పిన పద్ధతిలో నేనే రాశాను: ‘నీలం, అడుగున నేరేడు.’

“సిస్టరమ్మా, పంతొమ్మిది! పంతొమ్మిది!” అని అరిచాను. అది అప్పటికే పెట్టెలో బిగించేశాను. సీలు వేసిన పెట్టె మళ్లీ విప్పితే ముదీర్ ఊరుకోడు. అయినా పరుగెత్తి స్క్రూలు విప్పడం మొదలుపెట్టాను. సిస్టర్ ఎడమ చేత్తో స్క్రూలు ఏరుతోంది. పెద్దసారు కర్ర పక్కన పడేసి నేల మీదే కూర్చున్నాడు. నురగ పొరలు తీసి, గిన్నెను పైకెత్తి, తివాచీ మీద పెట్టాను. “మీరు పెట్టండి,” అన్నట్టు మూత ఆయన చేతికిచ్చాను. సిస్టర్ ఆయన చేతి కింద తన చెయ్యి ఆనించింది. మూత దిగింది. టింగ్ అని చిన్న చప్పుడు. ఆయన వేలితో తోసి చూశాడు. కదల్లేదు. గోరు పట్టేంత సందు కూడా లేదు.

గదిలో మేం ముగ్గురం చిన్నపిల్లల్లా అరిచాం. పెద్దసారు నవ్వుతూ కళ్లు తుడుచుకుంటూ ఇంగ్లీషులో గబగబా ఏదో చెబుతుంటే సిస్టర్ నాకు తెలుగులో చెప్పింది. “వాళ్ల నాన్నమ్మ ఆ మూత ఎవర్నీ తాకనిచ్చేది కాదంట. బల్ల దగ్గర చక్కెర గిన్నె చేతులు మారినప్పుడల్లా వాళ్ల నాన్న మొహం ఎర్రబడేదంట. అసలు మూత చిన్నప్పుడు ఆ నాన్నే పగలగొట్టి, పక్క గిన్నెది తెచ్చి పెట్టుంటాడు. చచ్చేదాకా నోరు విప్పలేదు చూడు! ఇవాళ దొరికిపోయాడంటున్నారు.” మ్యూజియంవాళ్లకు ఆ రోజే రాశారు. రెండు గిన్నెలనూ ఈ కథతోనే తీసుకుంటామని జవాబు వచ్చింది. నీలం గిన్నెను మూత లేకుండా, పొట్టి గిన్నెను మూతతో మళ్లీ వేశాను. ప్రయాణానికి రెండు రోజుల ముందు పుస్తకం కుట్టించి పెద్దసారు ఒళ్లో పెట్టాం. ఆయన ఒక పూటంతా తీసుకుని నలభై మూడు పేజీలూ చూశాడు. నేను వేసిన అయిదు బొమ్మల కిందా, తిరిగి వేసిన పొట్టి గిన్నె కిందా నా పేరు తెలుగులో రాయమని సిస్టర్ పట్టుబట్టింది. అమెరికాలో ఎవరు చదువుతారని అడిగాను. “చదవకపోతే పోనీ. ఎవరో చూశారని తెలియాలిగా,” అంది.

పెద్దసారు వెళ్లాక ఆవిడ కూడా పాలకొల్లు వెళ్లిపోయింది. మా కంపెనీలో నా పని మారింది. విలువైన సామాను ప్యాక్ చేసే ముందు దాని స్థితి బొమ్మ గీసి రాసిపెట్టడం ఇప్పుడు నా డ్యూటీ. ఒమానీ వెండి ఖంజర్ బాకులు, ధూపపు కుండలు, పాత తలుపులు. వస్తువులకు మొహాలుంటాయని తెలిశాక పని మీద విసుగన్నదే లేదు. నెలకోసారి సిస్టర్ ఫోను చేసేది. బాగున్నావా, తిన్నావా అన్న తర్వాత ఒక్కటే ప్రశ్న. “ఇవాళ ఏం చూశావ్?” ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. అరకొరగా చెబితే ఒప్పుకునేది కాదు. కిందటి సంవత్సరం ఒకసారి ఆవిడ గొంతు బాగా నీరసంగా ఉంది. ఏమిటని అడిగితే తన జబ్బు సంగతి దాటేసి అదే ప్రశ్న వేసింది. తొందరలో ఉండి, “ఏమున్నయ్ సిస్టరమ్మా, రోజు చూసే కొండలే. నల్లగున్నయ్,” అన్నాను.

“అబద్ధం. మస్కట్ కొండలు నల్లగా ఎప్పుడున్నాయి? రేపు చూసి చెప్పు.”

మర్నాడు పని ఎక్కువై చూడలేదు. ఆ మర్నాడు ఆవిడ తమ్ముడి దగ్గర నుంచి ఫోను వచ్చింది. ఆవిడ లేదు. ఆ రోజు డ్యూటీకి వెళ్లలేకపోయాను. సాయంత్రం ఎండ తగ్గాక ఒక్కణ్ణే రుసైల్ రోడ్డు పక్కకు వెళ్లి నిలబడ్డాను. కొండలు ఎదురుగా ఉన్నాయి. కింది భాగం బట్టీలోంచి తీసిన ఇటుక ఎరుపు. పగుళ్లలో వంకాయ రంగు. మలుపు తిరిగే చోట, ఎండ ఇంకా పోని ఒక్క అంచున, చెప్పడానికి మాట లేని లేత గులాబీ. రంగు మారినప్పుడల్లా మాట మార్చుకుంటూ, లేని ఫోనులోకి చెప్పినట్టు, ఒక్కొక్కటీ పైకే చెప్పాను. చీకటి పడేదాకా చెబుతూనే ఉన్నాను, ఒక్కటీ వదల్లేదు.